గేమ్ పత్రికకు ఏ లైసెన్స్? సీసీ బై, ఓజీఎల్, ఓఆర్‌సీల మధ్య ఎంపిక

డైస్ వేస్తూ, పాత్రలుగా మారి కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్స్‌తో ఓరుగల్లు కోటలో నడిచే అడ్వెంచర్ ఒకటి రాశారనుకుందాం. అందులో కోట మ్యాపు ఉంది, మీరు సృష్టించిన కొత్త రాక్షసులు ఉన్నారు, వాళ్ల స్టాట్ బ్లాకులు (బలం, దాడి లాంటి అంకెల పట్టికలు) ఉన్నాయి, స్నేహితుడు గీసిన బొమ్మలు ఉన్నాయి. హన్మకొండలో ఏదో ఒక ప్రెస్‌లో 32 పేజీల పత్రికగా వేయించి, కాలేజీ ఫెస్టుల్లో అమ్మి, పీడీఎఫ్ కూడా పెట్టాలని ఉంది. ఇలాంటి పని మొదలుపెట్టినవాళ్లు అందరూ ముందుగా అడిగేది "ఏ లైసెన్స్ పెట్టాలి?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ పేజీల్లో ఎవరి రాత ఎంత ఉంది? అది తేలితే లైసెన్స్ ఎంపిక సగం దానంతట అదే అయిపోతుంది. మీరు ఎక్కడి నుంచి తీసుకున్నారో అక్కడి లైసెన్సే మీ చేతులు కడుతుంది, లేదా వదిలేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగులో కొత్తగా మొదలయ్యే చిన్న పత్రికకు, వేరే బలమైన కారణం లేకపోతే, రూల్స్ భాగం వరకు క్రియేటివ్ కామన్స్ బై 4.0 (సీసీ బై, అంటే మూలం పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్స్) సరిపోతుంది. కథ, పాత్రలు, బొమ్మలు మాత్రం విడిగా మీ దగ్గరే ఉంచుకోండి. లైసెన్స్ ఇచ్చేది పత్రిక కాకుండా, వ్యాసం రాసినవాళ్లే ఇస్తే ఇంకా మంచిది. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు. చిక్కులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

అసలు లైసెన్స్ అవసరమా?

ఒక్కోసారి అవసరమే ఉండదు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదనీ, దాన్ని వ్యక్తం చేసిన తీరు మీదే ఉంటుందనీ మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇరవై ముఖాల డైస్ వేసి, బోనస్ కలిపి, ఒక అంకె దాటితే గెలుపు అనే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. ఆ పద్ధతిని వివరిస్తూ ఒకరు రాసిన పేరాలు, టేబుళ్లు, మంత్రాల వర్ణనలు మాత్రం వాళ్లవే. కాబట్టి రూల్స్ మొత్తం మీరే కొత్తగా, మీ మాటల్లో రాసుకుంటే ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. మీ రచనను ఇతరులకు ఏ షరతుల మీద ఇస్తారన్నది ఒక్కటే మిగులుతుంది.

కానీ ఆచరణలో ఎవరూ అలా రాయరు. గాబ్లిన్ స్టాట్ బ్లాక్ కావాలి, ఫైర్‌బాల్ మంత్రం కావాలి, కండిషన్ల పట్టిక కావాలి. ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వర్తించే సంగతి ఒకటుంది. అనువాదం కూడా మూల రచన మీద ఆధారపడిన రచనే. ఇంగ్లిష్ పుస్తకంలోని మంత్రాన్ని తెలుగులోకి మార్చినంత మాత్రాన అది మీదైపోదు. అనువదించే హక్కు మూల రచయితదే. దాన్ని లైసెన్స్ ద్వారా ఇచ్చారా లేదా అన్నదే చూడాలి. అందుకే ఏ లైసెన్స్‌నైనా నేను ముందు అడిగేది ఇదే: తెలుగులోకి మార్చి అచ్చు వేయనిస్తుందా?

సీసీ బై 4.0

2023 జనవరి 27న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ తమ ఎస్‌ఆర్‌డీ 5.1 (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్, అంటే ఇతరులు వాడుకోవడానికి ఇచ్చిన ఆట మూల రూల్స్) పత్రాన్ని మొత్తంగా సీసీ బై 4.0 కింద పెట్టేసింది. 2024లో వచ్చిన కొత్త రూల్‌బుక్కులకు సరిపోయే ఎస్‌ఆర్‌డీ 5.2 కూడా 2025 ఏప్రిల్‌లో ఇదే లైసెన్స్ కింద వచ్చింది. ఈ లైసెన్స్‌లో అడిగేది ప్రధానంగా ఒక్కటే, మూలం ఎవరిదో చెప్పాలి. అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. రాయల్టీ లేదు, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. మార్పులు చేస్తే చేశామని రాయాలి. అనువాదం కూడా మార్పే కాబట్టి "తెలుగులోకి అనువదించి, మార్పులు చేశాం" అని ఒక వాక్యం ఉండాలి. ఒకసారి ఇచ్చిన లైసెన్స్‌ను ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోలేరు. మీరు పొరపాటున షరతు తప్పితే, ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు మళ్లీ వచ్చేస్తుంది. చిన్న పత్రికకు ఇది చాలా పెద్ద ఊరట. అచ్చయిన సంచికలో ఒక పేరు ఎగిరిపోతే తర్వాతి సంచిక దాకా టెన్షన్ పడకుండా, వెంటనే పీడీఎఫ్ సరిచేసి, అమ్ముడుపోని కాపీల్లో ఒక స్లిప్ పెట్టేయవచ్చు.

కొన్ని హద్దులున్నాయి. ఎస్‌ఆర్‌డీ అంటే ఆట మొత్తం కాదు. ఎస్‌ఆర్‌డీ 5.1లో బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర నేపథ్యం) ఒక్కటే ఉంటుంది, అకొలైట్. ఫీట్ (పాత్రకు దక్కే ప్రత్యేక నైపుణ్యం) కూడా ఒక్కటే, గ్రాప్లర్. ఒక్కో క్లాసుకు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకానికి) ఒక్కో సబ్‌క్లాసే ఇచ్చారు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుల స్టాట్ బ్లాకులు అందులో లేవు. మీ దగ్గరున్న ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఉంది కదా అని తీసుకుంటే అది సీసీ బై కిందకు రాదు. అడ్వెంచర్ రాసేటప్పుడు పక్కన పుస్తకం కాకుండా ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్ తెరిచి పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు. అందులో కనిపించనిది వాడకండి, లేదా మీరే కొత్తది సృష్టించండి.

ఇంకో హద్దు ట్రేడ్‌మార్కు. కాపీరైట్ లైసెన్స్ దొరికింది కదా అని అట్ట మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ లోగో వేయకూడదు. సీసీ బైలో ట్రేడ్‌మార్కు హక్కులు రావు. "ఫిఫ్త్ ఎడిషన్‌కు సరిపోతుంది" అని రాసుకోవచ్చని ఎస్‌ఆర్‌డీలోనే చెప్పారు. ఆ మాట చాలు. ఎస్‌ఆర్‌డీలో వాళ్లిచ్చిన క్రెడిట్ వాక్యం ఇంగ్లిష్‌లో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు వేయండి, కావాలంటే కింద తెలుగు అర్థం ఇవ్వండి. కంపెనీ గురించి అంతకు మించి ఇంకేదీ రాయవద్దని కూడా అందులోనే కోరారు. అందుకని "విజార్డ్స్ సౌజన్యంతో" లాంటివి రాయకండి. మన పత్రికల్లో సౌజన్యం అనే మాట అలవాటు కొద్దీ పడిపోతుంది. ఇక్కడ అది వాళ్ల ఆమోదం ఉన్నట్టు ధ్వనిస్తుంది.

పీడీఎఫ్ గురించి ఒక హెచ్చరిక. సీసీ బై కింద తీసుకున్న పాఠాన్ని పాస్‌వర్డ్‌లతో, కాపీ లాకులతో బిగించి, పాఠకుడు ఆ హక్కును వాడుకోలేని విధంగా ఇవ్వకూడదని లైసెన్స్‌లో ఉంది. కొనుక్కున్నవాళ్లకే ఫైల్ ఇవ్వండి, తప్పులేదు. లాకు మాత్రం వేయకండి.

ఓజీఎల్ 1.0ఎ

ఓజీఎల్ అంటే ఓపెన్ గేమ్ లైసెన్స్. ఇది 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌తో పాటు పుట్టింది. రెండు దశాబ్దాల పాటు చిన్న ప్రచురణకర్తలు చాలామంది దీని మీదే బతికారు. 2023 జనవరిలో బయటకు పొక్కిన ఓజీఎల్ 1.1 ముసాయిదాతో ఆ నమ్మకం దెబ్బతింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం రాయల్టీ, పాత 1.0ఎ ఇక అధీకృతం కాదనే మాట అందులో ఉన్నాయి. మన హన్మకొండ పత్రిక ఆదాయం ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ పాత లైసెన్స్‌ను పక్కన పెట్టేస్తామన్న మాట అందరికీ తగిలింది. తర్వాత పెట్టిన మరో ముసాయిదా మీద కంపెనీ అభిప్రాయాలు అడిగితే 15,000 మందికి పైగా స్పందించారు. వాళ్లలో 88 శాతం ఆ కొత్త లైసెన్స్ కింద ప్రచురించబోమన్నారు. కంపెనీ వెనక్కి తగ్గి, 1.0ఎను అలాగే వదిలేసి, ఎస్‌ఆర్‌డీ 5.1ను సీసీ బైకి మార్చింది.

గొడవకు మూలం తొమ్మిదో సెక్షన్‌లోని "అధీకృత వెర్షన్" అనే పదబంధం. లైసెన్స్ శాశ్వతమని నాలుగో సెక్షన్‌లో రాశారు, కానీ వెనక్కి తీసుకోలేనిది అని ఎక్కడా రాయలేదు. లాయర్లు దీని మీద ఎంతైనా వాదించుకుంటారు. మనకు కావాల్సింది మాత్రం ఒక్క ముక్క: వేరే దారి ఉన్నప్పుడు ఓజీఎల్ ఎంచుకోవడానికి ఇప్పుడు కారణం లేదు.

వేరే దారి లేనప్పుడు ఉంది. 3.5 ఎడిషన్ ఎస్‌ఆర్‌డీ మీద, పాత్‌ఫైండర్ అనే అదే తరహా ఆట మొదటి ఎడిషన్ మీద, ఓజీఎల్ కింద వచ్చిన పాతకాలపు శైలి ఆటల మీద రాస్తే ఆ పాఠం మీకు ఓజీఎల్ కిందనే దొరుకుతుంది. అనువాదానికి ఇబ్బంది లేదు. డెరివేటివ్ మెటీరియల్ (మూలం మీద ఆధారపడిన రచన) నిర్వచనంలోనే అనువాదాలను చేర్చారు. ఇబ్బంది అంతా పత్రిక రూపంతోనే. లైసెన్స్ పూర్తి పాఠం ప్రతి కాపీలోనూ వేయాలి (పదో సెక్షన్). ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో వేసినా దాదాపు ఒక పేజీ తింటుంది. ఏది ఓపెన్ గేమ్ కంటెంట్ (అందరూ వాడుకోగల భాగం), ఏది కాదు అని స్పష్టంగా గుర్తించాలి (ఎనిమిదో సెక్షన్). ఒకే రచయిత పుస్తకంలో అయితే ఇది ఒక వాక్యంతో తీరిపోతుంది. పత్రికలో ప్రతి వ్యాసం చివరా రాయాలి. పదిహేనో సెక్షన్‌లో మీరు తీసుకున్న ప్రతి మూలం కాపీరైట్ నోటీసును చేర్చాలి, ఆ మూలాలు వాడుకున్న మూలాలవి కూడా. ఐదుగురు రాసిన ఐదు వ్యాసాలుంటే ఆ జాబితా దసరా సరుకుల చీటీలా పెరుగుతూ పోతుంది.

అంతకంటే ఇబ్బందైన షరతు ఏడో సెక్షన్. ఇతరుల ట్రేడ్‌మార్కుతో సరిపోతుందని చెప్పకూడదు, వాళ్ల ప్రొడక్ట్ ఐడెంటిటీని, అంటే తమకే ఉంచుకున్న పేర్లు, పాత్రల్లాంటివాటిని వాడకూడదు, విడిగా ఒప్పందం ఉంటే తప్ప. మామూలు చట్టం ప్రకారం నిజాయితీగా "ఫలానా ఆటకు పనికొస్తుంది" అని చెప్పుకునే వీలు ఉండవచ్చు. ఓజీఎల్‌కు ఒప్పుకున్నారంటే ఆ వీలును మీ అంతట మీరే వదులుకున్నట్టు. ఒకే సంచికలో ఒక వ్యాసం ఓజీఎల్ కింద, ఇంకోటి సీసీ బై కింద ఉంటే అట్ట మీద ఏ మాట వేయాలన్న దగ్గర తలనొప్పి మొదలవుతుంది. నాకైతే అలాంటి వ్యాసాలన్నీ ఒకే ప్రత్యేక సంచికలో పెట్టడం నయమనిపిస్తుంది.

ఓఆర్‌సీ

ఓజీఎల్ గొడవ జరుగుతుండగానే పాత్‌ఫైండర్ ప్రచురణకర్త పైజో ఈ ఓఆర్‌సీని (ఓపెన్ ఆర్‌పీజీ క్రియేటివ్ లైసెన్స్) ప్రకటించింది. అజోరా లా అనే న్యాయసంస్థ రాసింది. తుది రూపం 2023 జూన్‌లో వచ్చింది. ఏ గేమ్ కంపెనీ చేతుల్లోనూ లేకుండా, వెనక్కి తీసుకోలేని విధంగా రాశారు. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ రీమాస్టర్ పుస్తకాలు 2023 నవంబరు నుంచి దీని కిందే వస్తున్నాయి. కేయోసియం సంస్థ బేసిక్ రోల్‌ప్లేయింగ్ రూల్స్ కూడా దీని కిందే ఉన్నాయి.

దీనిలో నచ్చే విషయం, రూల్స్‌కూ కథకూ మధ్య గీతను లైసెన్సే గీసి పెట్టడం. ఆట నడిపే యంత్రాంగం అంతా లైసెన్స్ కిందకు వెళ్తుంది. ప్రపంచం, పాత్రల పేర్లు, కథ, బొమ్మలు, ట్రేడ్‌మార్కులు రిజర్వ్‌డ్‌గా మీ దగ్గరే ఉంటాయి. ఓజీఎల్‌లో లాగా పూర్తి పాఠం అచ్చు వేయనక్కర్లేదు, ఓఆర్‌సీ నోటీసు చాలు. కానీ అందులో ఇచ్చిపుచ్చుకునే షరతు ఉంది. ఓఆర్‌సీ రూల్స్ వాడుకుని మీరు కొత్త రూల్ తయారుచేస్తే అది కూడా ఓఆర్‌సీ కిందే అందరికీ వెళ్లాలి. "ఈ ఒక్క రూల్ మాత్రం నాది" అని దాచుకోవడానికి కుదరదు. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. కొందరు రచయితలు మాత్రం ఒప్పుకోరు. వ్యాసం తీసుకునే ముందే చెప్పడం మేలు.

పాత్‌ఫైండర్ పేరును అట్ట మీద వాడాలంటే ఓఆర్‌సీ చాలదు. పేర్లకూ లోగోలకూ పైజో నిబంధనలు వేరుగా ఉన్నాయి, అవి చదవాలి.

షేర్ అలైక్, నాన్ కమర్షియల్

కెయిర్న్ లాంటి చిన్న ఆటలు సీసీ బై ఎస్ఏ (షేర్ అలైక్) 4.0 కింద ఉన్నాయి. వాటి మీద రాసిన వ్యాసం కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. పక్క పేజీలోని వ్యాసానికి అది అంటుకోదు. పత్రిక అనేది వేర్వేరు రచనల సంకలనం మాత్రమే. అంటుకునేది ఒకే వ్యాసంలో రెండు మూలాలను కలిపినప్పుడు. బై ఎస్ఏ పాఠాన్నీ, ఓజీఎల్ పాఠాన్నీ ఒకే అడ్వెంచర్‌లో కలపడానికి దారి లేదు. ఒకదాని షరతు పాటిస్తే రెండోదాని షరతు తప్పుతుంది. సీసీ బై పాఠాన్ని మాత్రం బై ఎస్ఏలోకి తీసుకోవచ్చు, క్రెడిట్ ఉంటే చాలు.

తెలుగు వికీపీడియా పాఠం కూడా బై ఎస్ఏ కిందే ఉంటుంది. రామప్ప గుడి గురించి అక్కడి పేరాను అలాగే ఎత్తి అడ్వెంచర్ మధ్యలో పెట్టారంటే ఆ అడ్వెంచర్ లైసెన్స్ చిక్కులో పడుతుంది. 1213 నాటి గుడి, రేచర్ల రుద్రుడు కట్టించాడు, ఇసుక పునాది, నీటిలో తేలే ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు. ఇవన్నీ వాస్తవాలు, వీటికి కాపీరైట్ లేదు. చదువుకుని మీ మాటల్లో రాయండి.

నాన్ కమర్షియల్ షరతు ఉన్న ఆటలను పత్రికలో వాడకపోవడమే మంచిది. ధర పెట్టి అమ్ముతారు, వెనక అట్ట మీద ఏదో ట్యూషన్ సెంటర్ ప్రకటన ఉంటుంది. ఖర్చులకే సరిపోతోందని మీరు అంటారు, వ్యాపారమే అని ఇంకొకరు అంటారు. ఆ వాదనలోకి దిగడం దేనికి? ఎన్‌డీ (నో డెరివేటివ్స్) అనే అక్షరాలు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. మార్చినదాన్ని పంచుకోవడానికి అది ఒప్పుకోదు, అంటే తెలుగు అనువాదం అచ్చు వేయడానికి వీల్లేదు.

డీఎంస్ గిల్డ్

2016 నుంచి నడుస్తున్న ఈ అమ్మకపు వేదికలో ఎస్‌ఆర్‌డీలో లేని పాత్రలు, ప్రపంచాలు కూడా వాడుకోనిస్తారు. అమ్మకంలో సగం రచయితకు వస్తుంది. కానీ అక్కడ పెట్టినదాన్ని వేరే చోట ప్రచురించకూడదు. అంటే పత్రికకు పనికిరాదు. ఎవరైనా అక్కడ పెట్టిన అడ్వెంచర్ తెలుగు చేసి పంపితే, ఎంత బాగున్నా తిప్పి పంపాల్సిందే.

రచయిత సంతకం లేకుండా ఏ లైసెన్సూ నిలబడదు

పత్రికలో వ్యాసాన్ని సీసీ బై కింద పెడుతున్నామని సంపాదకుడు రాసేస్తాడు. ఆ హక్కు ఆయనకు ఎక్కడిది? కాపీరైట్ చట్టం 1957, పదిహేడో సెక్షన్ ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రాసినవాళ్లే. జీతం మీద పనిచేసే ఉద్యోగి అయితే వేరే లెక్క. పంపినందుకు ఐదొందలు పారితోషికం ఇచ్చినంత మాత్రాన హక్కు మీకు రాదు. బొమ్మల విషయంలో చట్టం ఇంకోలా ఉంది. డబ్బు ఇచ్చి ప్రత్యేకంగా గీయించుకున్న చిత్రానికి, తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. స్నేహితుడు ఉచితంగా గీసి ఇస్తే మాత్రం హక్కు స్నేహితుడిదే. ఒకే అడ్వెంచర్‌లో పాఠం హక్కు ఒకరిది, బొమ్మ హక్కు ఇంకొకరిది అవుతుందన్నమాట.

హక్కు బదిలీ అయినా, అనుమతి అయినా రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టం అనుకుంటుంది (19వ సెక్షన్, లైసెన్సులకు 30ఎ ద్వారా వర్తిస్తుంది). ఇప్పుడు ఆలోచించండి. రచయిత ఇచ్చింది ఐదేళ్ల, ఇండియా అనుమతి. మీరు పాఠకులకు ఇస్తున్నది ప్రపంచమంతటికీ, కాపీరైట్ ఉన్నంత కాలం చెల్లే సీసీ బై. లేనిదాన్ని ఇచ్చినట్టు అవుతుంది. వాట్సాప్‌లో "వేసుకో అన్నా" అన్న మెసేజ్‌తో ఇది తీరదు.

అందుకే లైసెన్స్ రచయితే ఇవ్వాలంటున్నాను. రచయిత సంతకం చేసే పత్రంలో నాలుగు మాటలుంటే చాలు: ఈ రచన నాది, ఇందులో ఫలానా మూలాలు వాడాను, రూల్స్ భాగాన్ని నేనే సీసీ బై 4.0 కింద విడుదల చేస్తున్నాను, కథను ఈ పత్రికలో అచ్చులోనూ పీడీఎఫ్‌లోనూ ప్రపంచమంతటా కాపీరైట్ ఉన్నంత కాలం వేసుకోవచ్చు. అప్పుడు సీసీ బై భాగానికి పత్రిక కూడా పాఠకుల్లాగే ఒక వాడకందారు మాత్రమే. రేపు పత్రిక ఆగిపోయినా, సంపాదకుడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా ఆ రూల్స్ వాడుకునేవాళ్లకు ఇబ్బంది ఉండదు. చిత్రకారుడితో కూడా ఇలాంటి కాగితమే ఒకటి రాయించుకోండి, పేరు ఎక్కడ వేయాలో అందులోనే రాయండి. 57వ సెక్షన్ ప్రకారం తన పేరు చెప్పుకునే హక్కు కాపీరైట్ ఇచ్చేసిన తర్వాత కూడా సృష్టికర్త దగ్గరే ఉంటుంది.

మన కథలు, మన బొమ్మలు

ఓరుగల్లు నేపథ్యం పెట్టుకున్నప్పుడు గేమ్ లైసెన్సులు ముట్టుకోని ప్రశ్నలు కొన్ని వస్తాయి. రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. పోతన పద్యం నిరభ్యంతరంగా వాడండి. సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు కాబట్టి ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. పాతకాలపు తెలంగాణ జనజీవనం గురించి అడ్వెంచర్‌కు కావలసిన ముడిసరుకు ఆయన దగ్గర పుష్కలంగా దొరుకుతుంది. కాళోజీ 2002లో పోయారు. అంటే 2062 చివరి వరకు ఆయన కవితను అధ్యాయం మొదట్లో మొత్తంగా వేయాలంటే వారసుల అనుమతి కావాలి. దాశరథిది 2047 చివరి వరకు.

చేర్యాల నకాషీ పటం ఇంట్లో ఉంది కదా, స్కాన్ చేసి అట్ట మీద వేద్దామనిపిస్తుంది. పటం కొన్నారు, దాన్ని అచ్చు వేసే హక్కు కొనలేదు. గీసినవాళ్లు ఎక్కువగా బతికున్నవాళ్లే. అడిగి, డబ్బిచ్చి, మీ అడ్వెంచర్ కోసమే కొత్తగా గీయించుకుంటే హక్కు సంగతీ తేలుతుంది, అట్టకూ అందం వస్తుంది. నాలుగు కీర్తి తోరణాల బొమ్మ ఎవరైనా గీసుకోవచ్చు. ఇంకొకరు తీసిన ఫొటో మాత్రం వాళ్లదే.

మేడారం గురించి ఒక మాట. సమ్మక్క సారలమ్మల కథ ఎవరి కాపీరైటూ కాదు, ఒకరు రాసిన, రికార్డు చేసిన రూపం మాత్రం వాళ్లదవుతుంది. అయినా నేను అమ్మవార్లకు హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలకు ఓడిపోతారో చెప్పే అంకె) రాసిన వ్యాసాన్ని వేయను. రెండేళ్లకోసారి లక్షల మంది బంగారం, అంటే బెల్లం, మోసుకెళ్లి మొక్కే తల్లులు వాళ్లు. చట్టం అడ్డు చెప్పకపోయినా ములుగు దాటి ఆ పత్రికను ఎవరి చేతిలోనూ పెట్టలేం. జాతర దారిలో, జంపన్న వాగు ఒడ్డున నడిచే కథ రాయండి, అందులో యాత్రికులు, దొంగలు, అడవి ఉంటే చాలు.

ఎవరికి ఏది

ఐదో ఎడిషన్ అడ్వెంచర్ అయితే సీసీ బై కింద ఉన్న ఎస్‌ఆర్‌డీ, ఆలోచించాల్సిన పని లేదు. 5.1 వాడారో 5.2 వాడారో నోటీసులో సరిగ్గా రాయండి, రెండూ వేర్వేరు పత్రాలు. పాత్‌ఫైండర్ రీమాస్టర్ ఆడేవాళ్లకు ఓఆర్‌సీ తప్ప దారి లేదు, అదేమీ చెడ్డ దారి కూడా కాదు. పాత 3.5 మీద మక్కువ ఉన్నవాళ్లు ఓజీఎల్ పేజీకి చోటు మిగుల్చుకోవాలి. ఫేట్ కోర్, బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే ఆటల రూల్స్ సీసీ బై 3.0 కింద దొరుకుతాయి. వెర్షన్ నంబరు తప్పు రాయకండి. 3.0లో ఆ 30 రోజుల వెసులుబాటు లేదు. తొలిసారి తెలుగులో ఆట నేర్పే సంచిక వేస్తున్నవాళ్లకైతే నేను ఐదో ఎడిషన్ కంటే వీటినే సూచిస్తాను. రూల్స్ పాఠం తక్కువ, అనువాదం పని తక్కువ.

సొంత రూల్స్ రాసుకున్నవాళ్ల ముందు రెండు దారులు. ఎవరైనా ఎలాగైనా వాడుకుని ఆట నలుగురికీ చేరితే చాలనుకుంటే బై. ఎవరైనా బాగుచేస్తే ఆ బాగు మళ్లీ అందరికీ దక్కాలనుకుంటే బై ఎస్ఏ. తెలుగులో ఇప్పుడున్న స్థితిలో మొదటిదే నయం. వాడుకునేవాళ్లే తక్కువగా ఉన్నప్పుడు షరతులు పెంచితే ఇంకా తగ్గుతారు.

అచ్చులో ఏం వేయాలి

సంపాదకవర్గం పేర్లుండే పేజీలో "ఈ సంచికలోని రచనల హక్కులు ఆయా రచయితలవి, లైసెన్స్ వివరాలు ప్రతి వ్యాసం చివర ఉన్నాయి" అని ఒక వాక్యం. "సర్వహక్కులూ ప్రచురణకర్తవి" అని డీటీపీ వాళ్లు అలవాటుగా పెట్టే లైను ఉంటే తీయించండి, అది కింద మీరిచ్చే లైసెన్స్‌కు ఎదురు పడుతుంది. వ్యాసం చివర మాత్రం ఇలాంటిది కావాలి: "స్టాట్ బ్లాకులు, కొత్త రూల్స్, పట్టికలు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 కింద విడుదలయ్యాయి. కథ, పాత్రల పేర్లు, మ్యాపు, బొమ్మలు ఇందులోకి రావు, వాటి హక్కులు రచయిత, చిత్రకారులవి." దాని కింద ఎస్‌ఆర్‌డీ క్రెడిట్ వాక్యం, లైసెన్స్ చిరునామా. రూల్స్ భాగాన్ని లేత రంగు బాక్సులో వేస్తే ఏది ఎవరిదో పాఠకుడికి చూడగానే తెలుస్తుంది. నలుపు తెలుపు ప్రింటింగ్‌లో ఆ రంగు బూడిదగా మారి అక్షరాలు అలుక్కుపోతాయి, అందుకని బాక్సుకు గీత మాత్రం పెట్టించండి.

ఫాంటు విషయం కూడా చూసుకోండి. డీటీపీ సెంటర్‌లో ఉన్న ఫాంటుకు వాళ్ల దగ్గర లైసెన్స్ ఉందో లేదో మీకు తెలియదు. మండలి, రామభద్ర, సురన్న, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకూ పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేయడానికీ అడ్డంకి లేదు. యూనికోడ్ కాబట్టి పీడీఎఫ్‌లో వెతికితే తెలుగు మాటలు దొరికే అవకాశం పాత ఫాంట్ల కంటే చాలా ఎక్కువ. మీ రూల్స్‌ను కాపీ చేసుకుని వాడుకోమని లైసెన్స్ ఇచ్చి, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వచ్చే ఫాంటులో వేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. ప్రెస్‌కు ఇచ్చే ముందే పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి, ఫోన్‌లో పేస్ట్ చేసి చూడండి.